ఆల్ఫా, పై కలిపి జి విలువ రాబడితే గురుత్వాకర్షణ, క్వాంటం కలిసిపోయినట్టేనా?

ధర్మాబాద్_మిర్చి:

నమస్తే అందరికీ. నాది మరాఠీ మీడియం చదువు, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

మా మేనమామ లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యారు, ఇక్కడే ధర్మాబాద్ తాలూకాలో ఉంటారు. చాలా ఏళ్లుగా ఆయనకు ఒకటే పట్టుదల. న్యూటన్ స్థిరాంకం జి ఉంది కదా, దాన్ని అందరూ కొలుస్తున్నారే గాని లెక్కగట్టి రాబట్టినవాళ్లు లేరు, నేను రాబడతా అంటారు. ఇప్పుడు రాబట్టానంటున్నారు. ఎలాగో చెప్తాను, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి వర్గాన్ని జితో గుణించి, హెచ్-బార్ (ప్లాంక్ స్థిరాంకం హెచ్‌ను 2పైతో భాగించింది), సి (కాంతి వేగం) లబ్ధంతో భాగిస్తే యూనిట్లు లేని ఒక సంఖ్య వస్తుంది: 1.7518 × 10^-45. రెండు ఎలక్ట్రాన్ల మధ్య గురుత్వాకర్షణ ఎంత బలహీనమో చెప్పే సంఖ్య అది. ఇటు పక్క విద్యుత్ బలానికి ఆల్ఫా ఉంది, 1/137.036. మామయ్య సూత్రం ఏంటంటే, మొదటి సంఖ్య = (5పై/12) × ఆల్ఫా^21. చేసి చూడండి, 1.7515 × 10^-45 వస్తుంది. తేడా 0.02 శాతం కూడా లేదు. అంటే గురుత్వాకర్షణ, విద్యుత్తు, హెచ్, సి అన్నీ ఒకే సూత్రంలోకి వచ్చినట్టే కదా, ఐన్‌స్టీన్ చివరిదాకా వెతికింది ఇదే కదా అని ఆయన వాదన.

ఒక పత్రికకు పంపితే రెండు లైన్లలో తిప్పి పంపారు. ఇంకోటి డబ్బులు కడితే వేస్తామంది. అసలు తప్పెక్కడుందో ఎవరూ చెప్పలేదు. మీరైనా చెప్పండి. ఎగతాళి మాత్రం వద్దు, ఆయన కూడా ఇవి చదువుతారు.

సిరోంచ_సంగమం:

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ముందు మీ మామయ్యగారికి ఒక నమస్కారం. ఇలాంటి సూత్రాలు నాకు వాట్సాప్‌లో తరచుగా వస్తుంటాయి, వాటిలో చాలామంది జి విలువలోని 6.674 అనే అంకెనే నేరుగా రాబట్టాలని చూస్తారు. ఆ అంకెలో ప్రకృతి ఎంతుందో మనుషుల కమిటీలు పెట్టుకున్న నిర్ణయం కూడా అంతుంది. మీటరును 1983 నుంచి కాంతి వేగంతో, కిలోగ్రామును 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకంతో కట్టేశారు, రేపు కిలోగ్రాము నిర్వచనం మారిస్తే 6.674 కూడా మారుతుంది. మీ మామయ్య ఆ గోతిలో పడలేదు, యూనిట్లు లేని సంఖ్యను పట్టుకున్నారు. ఇది తెలియని డిగ్రీలవాళ్లు కూడా ఉన్నారు.

ఇక ప్రశ్నకు వస్తే, కలిసిపోవడం అంటే ఏంటి? 1899లో ప్లాంక్ మహాశయుడు జి, సి, హెచ్ మూడింటినీ కలిపి ఒక పొడవు, ఒక కాలం, ఒక ద్రవ్యరాశి తయారుచేశాడు. పొడవు 1.6 × 10^-35 మీటర్లు, ద్రవ్యరాశి 22 మైక్రోగ్రాములు. అప్పటికి క్వాంటం సిద్ధాంతమే పుట్టలేదు, సాధారణ సాపేక్షత రావడానికి ఇంకా పదహారేళ్లుంది. రెండు సిద్ధాంతాలూ లేకుండానే వాటి సరిహద్దు రాయి దొరికింది! ఆ రాయి ఎక్కడుందో ఆయన చెప్పగలిగాడు గాని అవతల ఏముందో స్థిరాంకాలు చెప్పలేదు, చెప్పలేవు కూడా.

అది చెప్పడానికి మొదట గట్టి ప్రయత్నం చేసింది 1936లో మత్వేయ్ బ్రాన్‌స్టీన్ అనే సోవియట్ కుర్రాడు. గురుత్వ క్షేత్రాన్ని ఎంతైనా కచ్చితంగా కొలవాలంటే కొలిచే వస్తువు చిన్నగా ఉండాలి, బరువుగానూ ఉండాలి, అలా బరువు పెంచుకుంటూ పోతే ఒక హద్దు దాటాక ఆ వస్తువు తన గురుత్వాకర్షణలో తానే కుంగిపోతుంది, కాబట్టి విద్యుత్ క్షేత్రానికి పనికొచ్చిన పద్ధతి ఇక్కడ పనికిరాదు అని చూపించాడు. అదే జి, హెచ్, సి, కాని వెనక ఒక కారణం ఉంది చూడండి. 1938లో స్టాలిన్ పోలీసులు ఆయన్ని కాల్చి చంపారు, అప్పటికి 31 ఏళ్లు. ఈ పేరు మన పుస్తకాల్లో ఎక్కడా కనపడదు, అందుకే చెప్పాను.

కిన్వట్_టేకు:

సర్, నమస్కారం పెట్టి మరీ కొట్టారు మీరు. కారణం లేకపోతే సూత్రం చెల్లదా? 1885లో బామర్ ఎవరు? స్విట్జర్లాండ్‌లో ఆడపిల్లల బడి టీచరు, వయసు అరవై. హైడ్రోజన్ కాంతిలో కనిపించే రంగు గీతలు నాలుగు పెట్టుకొని ఒక సూత్రం రాశాడు. ఎందుకలా వస్తుందో ఆయనకూ తెలీదు. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత బోర్ వచ్చి అందులోని స్థిరాంకం ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి, విద్యుదావేశం, హెచ్ లనుంచే వస్తుందని చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సూత్రం లేకపోతే బోర్ దేన్ని వివరించేవాడు?

మాక్స్‌వెల్ సంగతి ఇంకా చెప్పాలి. 1856లో వెబర్, కోల్‌రాష్ ఇద్దరూ విద్యుత్తు, అయస్కాంతం లెక్కల్లోంచి ఒక నిష్పత్తి కొలిస్తే అది కాంతి వేగానికి దగ్గరగా వచ్చింది. రెండు అంకెలు దగ్గరగా ఉన్నాయనే కదా కాంతి కూడా విద్యుదయస్కాంతమే అని మాక్స్‌వెల్‌కు ధైర్యం వచ్చింది. స్థిరాంకాలు కలవడం వల్లే రెండు శాస్త్రాలు కలిశాయి. అప్పుడు ఒప్పయింది ఇప్పుడు ధర్మాబాద్ మాస్టారు చేస్తే తప్పెట్లయితది?

దెగ్లూర్_అమ్మాయి:

నేను నాందేడ్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నా. వాదన కంటే లెక్క చూపించడం నయం.

ముందుగా, ఆల్ఫా^21 ముందు ఉండాల్సిన గుణకం ఎంతో చూశా. ఇప్పటి జి విలువతో 1.30923 రావాలి. మామయ్యగారి 5పై/12 అంటే 1.30900. బాగానే ఉంది. ఇప్పుడు ఇది చూడండి, గోల్డెన్ రేషియో వర్గంలో సగం 1.30902. అది ఇంకొంచెం దగ్గర. 12/7 వర్గమూలం 1.30931. అది ఇంకా దగ్గర, తేడా 0.006 శాతమే. ఈ రెండూ దొరకడానికి నాకు టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

ఇప్పుడు చెప్పండి. పై ఉంటే వృత్తాలతో, గోళాలతో సంబంధం ఉందని కథ చెప్పొచ్చు. గోల్డెన్ రేషియో ఉంటే పొద్దుతిరుగుడు పువ్వు కథ చెప్పొచ్చు, యూట్యూబ్‌లో లక్షల వ్యూస్ వస్తాయి. 12/7 అయితే రాశులు, వారాలు అని మా నాయనమ్మే చెప్పేస్తుంది. మూడు కథలకూ ఒకదానితో ఒకటి పొత్తు లేదు, మూడూ 0.02 శాతం లోపే కుదిరాయి. నిజం ఏదో అంకె చెప్పలేకపోతోంది కదా.

కిన్వట్ అన్నా, బామర్ సూత్రంలో ఇలా వేరే ముక్క పెట్టి చూడు. నాలుగు గీతలకు కుదిర్చిన సూత్రమే ఐదో దానికీ ఆరో దానికీ అదే గుణకంతో కుదిరింది. ఒక్క అంకె తెచ్చి ఎన్నో గీతలు చెప్పాడు. మామయ్యగారు 5, 12, 21 అని మూడు అంకెలు పెట్టి, పై కూడా వాడి, ఒకే ఒక్క అంకె చెప్పారు.

బల్లార్షా_పాసింజర్:

ఫిజిక్స్ మీరు చూసుకోండి, నేను ఇక్కడొక మిల్లులో తూకం కాంటాలు, గేజీలు కాలిబ్రేట్ చేసేవాణ్ణి. కొలత గురించి మాత్రం నన్ను మాట్లాడనివ్వండి.

ఈ సూత్రంలో నాకు నచ్చింది ఒకటుంది. ఆల్ఫా పది అంకెల దాకా తెలుసు. కాబట్టి సూత్రం నిజమైతే జి విలువ తప్పించుకునే వీల్లేకుండా వచ్చేస్తుంది: 6.6731 × 10^-11. ఇప్పుడు కోడేటా, అంటే స్థిరాంకాల అంతర్జాతీయ పట్టికలో ఉన్నది 6.67430, దాని అనిశ్చితి చివరి రెండంకెల్లో 15. అంటే మాస్టారి విలువ అనిశ్చితికి ఎనిమిది రెట్ల దూరంలో పడింది. మా దగ్గర ఇలా వస్తే ఆ కాంటాకు ఎర్ర స్టిక్కర్ వేసి పక్కన పెడతాం.

అయితే జి కథ అంత సాఫీ కాదు. 1798లో కావెండిష్ తీగకు గుండ్లు వేలాడదీసి చేసిన ప్రయోగం నుంచి నేటిదాకా భౌతికశాస్త్రంలో అన్నిటికంటే మొరాయించే స్థిరాంకం ఇదే. 2013లో పారిస్ దగ్గర అంతర్జాతీయ తూనికల బ్యూరో 6.67545 అంది. 2014లో ఇటలీలో ఫ్లోరెన్స్ వాళ్లు చల్లబరిచిన రుబీడియం పరమాణువులతో, అర టన్ను పైన టంగ్‌స్టన్ పెట్టి కొలిస్తే 6.67191. 2018లో చైనాలో వూహాన్ బృందం ఒకటే రెండు పద్ధతుల్లో చేస్తే 6.674184 ఒకటి, 6.674484 ఇంకోటి, రెండిటి అనిశ్చితీ పది లక్షల్లో పన్నెండు పాళ్లలోపే, అయినా ఒకదానితో ఒకటి కలవలేదు. ఒకే బృందం, ఒకే కొండ కింద ల్యాబు!

ఎందుకిలా అంటే, కరెంటు ప్రయోగమైతే చుట్టూ రాగి జాలీ కట్టి బయటి అలజడి ఆపొచ్చు, గురుత్వాకర్షణకు అడ్డుగోడ అనేదే లేదు. పక్క గదిలో మనిషి నడిచినా, వానకు నేల కింద నీరు పెరిగినా గుండుకు తెలుస్తుంది. పైగా వేలాడదీసిన తీగ మెలితిరిగి వెనక్కి వచ్చేటప్పుడు వెళ్లిన దారినే రాదు, ఆ తేడా లెక్కలో కలిసిపోతుంది. కాబట్టి నేను అనేదేంటంటే, ఆల్ఫాతో ఇలాంటి ఆట ఆడితే పదో అంకె దగ్గర దొరికిపోతారు, జి దగ్గర నాలుగో అంకె దాకా ఎవరికైనా చోటుంది. అందుకే సూత్రాలు రాసేవాళ్లందరూ జి చుట్టే చేరతారు.

ధర్మాబాద్_మిర్చి:

మామయ్యకు అన్నీ చదివి వినిపించాను. పాసింజర్ అన్న పోస్టు రెండోసారి కూడా చదివించుకున్నారు. ఆయన జవాబులు ఇవి, నా మాటలు కావు.

ఫ్లోరెన్స్ వాళ్లది 6.67191, దాని అనిశ్చితి 0.00099, కాబట్టి నా 6.6731 దానికి దగ్గర్లోనే ఉంది, పరమాణువులతో కొలిచిందే అసలు కొలత, తీగలతో కొలిచినవి తీగ దోషాలు అన్నారు. 21 ఎందుకంటే ఒకటి నుంచి ఆరు దాకా కూడితే 21, ప్రోటాన్ లాంటివాటి లోపలుండే కణాలు, క్వార్కులు, ఆరు రకాలు అన్నారు. గోల్డెన్ రేషియో గురించి మాత్రం ఏమీ అనలేదు, ఆ పాప ఎవరని అడిగారు.

సిరోంచ_సంగమం:

ఆరు క్వార్కులు సరే, మరి సూత్రంలో ఉన్నది ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి కదా మాస్టారూ, క్వార్కులకు అక్కడేం పని? సరే, అది వదిలేద్దాం. నా పెద్ద అభ్యంతరం 137 మీద.

ఆల్ఫా 1/137 అనేది తక్కువ శక్తి దగ్గర మాత్రమే. శక్తి పెంచేకొద్దీ ఎలక్ట్రాన్ చుట్టూ ఉన్న క్వాంటం తెర చీల్చుకుని లోపలికి వెళ్తాం, ఆవేశం ఎక్కువగా కనిపిస్తుంది. జడ్ బోసాన్ అనే బరువైన కణం శక్తి, అంటే 91 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అది దాదాపు 1/128. ఇది ఊహ కాదు, యాక్సిలరేటర్లలో కొలిచిందే. గురుత్వాకర్షణ, క్వాంటం నిజంగా తలపడేది 10^19 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. అక్కడి రహస్యం ఇక్కడి 137ను ఇరవై ఒక్కసార్లు గుణిస్తే ఎందుకు బయటపడాలి? 1/128 పెట్టి అదే లెక్క చేస్తే జవాబు నాలుగు రెట్లు మారిపోతుంది.

ఎడింగ్టన్ కూడా ఇక్కడే దెబ్బతిన్నాడు. 1919 సూర్యగ్రహణంలో ఐన్‌స్టీన్ చెప్పింది నిజమని చూపించినవాళ్లలో ముఖ్యుడు, చిన్న మనిషి కాదు. ఆల్ఫా విలోమం సరిగ్గా 136 అని స్వచ్ఛమైన ఆలోచనతో రుజువు చేశానన్నాడు, కొలతలు 137 వైపు జరిగితే ఇంకో ఒకటి కలపాలని కారణం కనిపెట్టాడు. ఇప్పుడది 137.036, ఆ 0.036 కు ఆయన దగ్గర చోటు లేదు.

డిరాక్ సంగతి వేరు. 1937లో ఆయన చూసింది కూడా అంకెల పొత్తే. ప్రోటాన్, ఎలక్ట్రాన్ మధ్య విద్యుత్ బలం గురుత్వ బలానికి 10^39 రెట్లు, విశ్వం వయసును పరమాణువు కాలంతో కొలిస్తే అదీ సుమారు అంతే పెద్ద సంఖ్య. ఇది కాకతాళీయం కాదనుకుంటే విశ్వం వయసు పెరిగేకొద్దీ జి తగ్గాలి అన్నాడు. చూశారా, అంకె దగ్గర ఆగలేదు, లోకం మీదికి ఒక మాట వదిలాడు. 1948లో ఎడ్వర్డ్ టెల్లర్ లెక్కగట్టి, జి అలా ఎక్కువగా ఉండి ఉంటే సూర్యుడు మరీ వేడిగా ఉండి కొన్ని పదుల కోట్ల ఏళ్ల కిందట మన సముద్రాలు మరిగిపోయేవి, కాని శిలాజాలు అలా చెప్పడం లేదు అన్నాడు. తర్వాత అపోలో వాళ్లు చంద్రుడి మీద పెట్టొచ్చిన అద్దాలకు లేజర్ కొట్టి చూస్తే జి ఏడాదికి లక్ష కోట్లలో ఒక పాలు కూడా మారడం లేదని తేలింది. డిరాక్ ఊహ పోయింది. పోయేలా చెప్పాడు కాబట్టే మనం ఇంకా దాని గురించి మాట్లాడుకుంటున్నాం.

కిన్వట్_టేకు:

సర్, మాస్టారు చెప్పింది కూడా పోయేలాగే ఉంది కదా? పాసింజర్ అన్నే అన్నాడు 6.6731 రావాలని. రాకపోతే తప్పు. ఇంకేం కావాలి మీకు?

ఇంకో సంగతి. కోయిదే సూత్రం విన్నారా? 1980ల మొదట్లో జపాన్ ఆయన ఎలక్ట్రాన్, దానికంటే బరువైన దాని బంధువులు ముయాన్, టావు, ఈ మూడు కణాల ద్రవ్యరాశుల మీద రాసింది. మూడింటి మొత్తాన్ని వాటి వర్గమూలాల మొత్తం వర్గంతో భాగిస్తే మూడింట రెండు. అంతే. అప్పటికి టావు కొలత 1784 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, ఈ సూత్రం ప్రకారం 1777 ఉండాలి. అందరూ నవ్వి ఉంటారు. 1992లో బీజింగ్‌లో మళ్లీ కొలిస్తే 1777 దగ్గరే వచ్చింది. కారణం ఇప్పటికీ ఎవరికీ తెలీదు. మరి దీన్నేమంటారు?

కణాలన్నీ సన్నని తీగల కంపనాలే అనే స్ట్రింగ్ సిద్ధాంతం వాళ్లను మాత్రం ఎవరూ అడగరు. యాభై ఏళ్లు, ఎన్ని జీతాలు, కొలిచి చూసుకోవడానికి ఒక్క అంకె ఇచ్చారా? పది డైమెన్షన్లు, 10^500 విశ్వాలు అంటే సెమినార్ హాల్లో కూర్చొని వింటాం. పల్లెటూరి మాస్టారు కాలిక్యులేటర్ తీస్తే మాత్రం అంకెల గారడీ.

దెగ్లూర్_అమ్మాయి:

కోయిదే మంచి ఉదాహరణే, నేను ఒప్పుకుంటా. కొలత తప్పని ముందే చెప్పి నెగ్గిన సూత్రం అది. అయినా దాన్ని ఎవరూ ఏకీకరణ అనలేదు చూడు అన్నా, కోయిదే సూత్రం అన్నారంతే, కారణం దొరికేదాకా అలాగే ఉంచారు.

"పోయేలా చెప్పారు" అన్నదానికి జవాబు. డిరాక్‌ది పోతే మొత్తం పోతుంది, జి తగ్గకపోతే ఇక ఆ ఊహకు మిగిలేదేమీ లేదు. ఇక్కడ 5పై/12 పోతే 12/7 వర్గమూలం పెట్టుకోవచ్చు, సూత్రంలో మిగతా ఏ ముక్కకూ ఏమీ కాదు. ఒక ముక్క పీకేసి ఇంకోటి పెట్టినా చెక్కుచెదరనిదాన్ని రెండు సిద్ధాంతాల కలయిక అని ఎలా అంటాం? నాకున్న గొడవ ఇదొక్కటే, పల్లె పట్నం కాదు.

స్ట్రింగ్ గురించి నీ కోపంలో సగం న్యాయం ఉంది. మిగతా సగానికి ఇది విను. నల్లబిలం ఎంట్రోపీకి, అంటే లోపల ఎన్ని స్థితులుండొచ్చో చెప్పే కొలతకు, బెకెన్‌స్టీన్, హాకింగ్ సూత్రం ఉంది. దాంట్లో జి, హెచ్, సి, బోల్ట్జ్‌మన్ కె నాలుగూ ఒకే చోట కూర్చుంటాయి, ఉపరితల వైశాల్యం ముందు 1/4 అనే గుణకం. నాలుగు స్థిరాంకాలూ ఎక్కడెక్కడ రావాలో యూనిట్లు సరిచూసి ఎవరైనా చెప్పొచ్చు, ఆ 1/4 మాత్రం యూనిట్లు చెప్పవు. హాకింగ్ 1974లో బయటినుంచి లెక్కగట్టాడు. 1996లో స్ట్రామింజర్, వాఫా ఇద్దరూ కొన్ని ప్రత్యేకమైన నల్లబిలాలకు లోపల ఎన్ని స్థితులున్నాయో స్ట్రింగ్ సిద్ధాంతంతో లెక్కపెడితే అదే 1/4 వచ్చింది. ఎవరూ కావాలని పెట్టలేదు, లెక్కపెడితే వచ్చింది. అవి ఆకాశంలో కనిపించే నల్లబిలాలు కావు, ప్రయోగం అంతకంటే కాదు, అది నిజమే.

స్ట్రింగ్‌కు పోటీలో ఉన్న లూప్ క్వాంటం గ్రావిటీ సిద్ధాంతానికి దారి వేసింది మన ధూళే జిల్లా శిర్పూర్‌లో పుట్టిన అభయ్ అష్టేకర్. వాళ్లకూ వైశాల్యానికి అనుపాతంలోనే వచ్చింది, కాని 1/4 రావడానికి ఇమిర్జీ పరామితి అనే ఒక అంకెను సరిపడా సర్దుకోవాల్సి వచ్చింది. మన ఊరివాడని మొహమాటపడక్కర్లేదు, విమర్శకులు ఏళ్ల తరబడి వాళ్లను అడిగింది కూడా మామయ్యగారిని నేను అడిగిందే, ఈ అంకె ఎక్కడినుంచి తెచ్చారు అని.

వణి_బొగ్గు:

ఇంత పెద్ద పెద్ద పోస్టులు ఎందుకు, హింగోలీ జిల్లా ఔంఢాలో గురుత్వ తరంగాలు పట్టే లైగో కడుతున్నారు కదా, 2600 కోట్లు, 2023లో కేబినెట్ మంజూరు చేసింది. అది అయిపోతే గురుత్వాకర్షణ, క్వాంటం కలిసేదీ లేనిదీ అక్కడే తేలిపోతుంది. నాందేడ్ నుంచి బస్సు ఉంది, వెళ్లి అడుగుదాం.

సిరోంచ_సంగమం:

తేలదు బాబూ. లైగోకు అందే గురుత్వ తరంగాలు సాధారణ సాపేక్షత సమీకరణాల్లోంచి నేరుగా వచ్చేవే, వాటిలో హెచ్ లేదు. ఒక్క గ్రావిటాన్‌ను, అంటే గురుత్వాకర్షణకు ఉంటుందనుకునే క్వాంటం కణాన్ని, విడిగా పట్టుకోవడం ఆ పనిముట్టు తరం కాదు. అయితే ఔంఢా గురించి మన పిల్లలకు చెప్పాల్సింది వేరే ఉంది. నాలుగు కిలోమీటర్ల చేతులు, చివర వేలాడే 40 కిలోల అద్దాలు, ఆ అద్దాన్ని తాకే కాంతి క్వాంటం ఊగిసలాట ఆ అద్దాన్నే కదిలిస్తుంది. అమెరికా లైగోలో దాన్ని కొలిచి 2020లో ప్రకటించారు. 40 కిలోల వస్తువు మీద క్వాంటం చప్పుడు! తరంగంలో హెచ్ లేకపోయినా తరంగాన్ని వినే చెవిలో ఉంది.

అసలు తేల్చగల ప్రయోగం ఇంకా చిన్నది. 2017లో సౌగత బోస్ బృందం ఒకవైపు, మార్లెట్టో, వెద్రల్ ఇద్దరు ఇంకోవైపు విడివిడిగా సూచించారు. రెండు సన్నని రేణువులను, ఒక్కోటి 10^-14 కిలోల మేర ఉండేవి, ఒక్కోదాన్నీ ఒకేసారి రెండుచోట్ల ఉండే స్థితిలో పెట్టి, గురుత్వాకర్షణ తప్ప వేరే బలం ఏదీ వాటి మధ్య లేకుండా చూడాలి. అవి ఒకదానితో ఒకటి చిక్కుపడితే (ఎంటాంగిల్‌మెంట్ అంటారు) గురుత్వాకర్షణ కూడా క్వాంటం పద్ధతిలోనే నడుస్తున్నట్టని వాళ్ల వాదన. పడకపోతే ఓపెన్‌హైమ్ లాంటివాళ్లు, అంటే గురుత్వాకర్షణను క్వాంటం చేయాల్సిన అవసరమే లేదనేవాళ్లు, కాలర్ ఎగరేస్తారు. ఈ ఓపెన్‌హైమ్ లండన్‌లో ఇప్పుడున్న ఆయన, బాంబు చేసిన ఓపెన్‌హైమర్ కాదు.

ఇక్కడ ప్లాంక్ సరిహద్దు రాయి మళ్లీ కనిపిస్తుంది. వియన్నాలో 2021లో 90 మిల్లీగ్రాముల బంగారు గుండు ఇంకో గుండును లాగడం కొలిచారు, తన గురుత్వాకర్షణ లాగుడును కొలవగలిగిన అతి చిన్న వస్తువుల్లో అదొకటి. 22 మైక్రోగ్రాములకు అది నాలుగు వేల రెట్లు పెద్దది. అదే వియన్నాలో 2019లో 25,000 డాల్టన్ల పైన బరువున్న (ఒక డాల్టన్ అంటే సుమారు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు) అణువును రెండుచోట్ల ఉండే స్థితిలో చూపించారు, అది ఆ 22 మైక్రోగ్రాములకు కోటి కోట్ల రెట్ల కంటే చిన్నది. ఒకరు పైనుంచి దిగుతున్నారు, ఒకరు కిందినుంచి ఎక్కుతున్నారు. మధ్యలో ఏముందో తెలియాలంటే అటూ ఇటూ దగ్గరకు రావాల్సిందే. మాస్టారూ, స్థిరాంకాల విలువ నా దృష్టిలో ఇదీ, ఎక్కడ తవ్వాలో చెప్పాయి. తవ్వకుండానే నీళ్లు పడ్డాయంటే మాత్రం నేను ఒప్పుకోను.

బల్లార్షా_పాసింజర్:

సర్ చెప్పింది సరే. మిర్చి తమ్ముడూ, మాస్టారిని ఒక్కటి అడుగు. ఎలక్ట్రాన్‌తోనే ఎందుకు? ముయాన్ కూడా ప్రాథమిక కణమే, ఎలక్ట్రాన్ కంటే 206.768 రెట్లు బరువు, అంతే తేడా. ప్రకృతి జిని ఆల్ఫాతోనే కట్టి ఉంటే ముయాన్‌కు కూడా సూత్రం అలాగే రావాలి. నేను వేసి చూశా, ఆల్ఫా^19 ముందు 2.9807 అనే గుణకం కావాల్సి వస్తోంది. 5పై/12తో దానికి సంబంధం ఏంటో చెప్పమను.

దెగ్లూర్_అమ్మాయి:

అన్నా, అలా అడిగితే మామయ్యగారు 2.9807కు కూడా ఏదో ఒకటి పట్టుకొస్తారు. దొరక్కపోవడం కాదు, దొరకడమే నా అభ్యంతరం.

ధర్మాబాద్_మిర్చి:

పట్టుకొచ్చారు. రాత్రంతా కూర్చున్నారట, పొద్దున్నే ఫోన్ చేశారు. 80 వర్గమూలాన్ని మూడుతో భాగిస్తే 2.9814, తేడా 0.03 శాతం లోపే. ముయాన్ సూత్రం కూడా తేలిపోయింది, వాళ్లకు చెప్పు అన్నారు.

దెగ్లూర్_అమ్మాయి:

మరి ఇందులో పై ఎటు పోయిందన్నా?

ధర్మాబాద్_మిర్చి:

అదే అడిగాను. కోడేటా కొత్త పట్టిక రానీ, జి మారుతుంది, అప్పుడు మాట్లాడదాం అన్నారు.

బల్లార్షా_పాసింజర్:

2022 పట్టిక వచ్చేసింది తమ్ముడూ, జి అదే 6.67430, అనిశ్చితి అదే 15. ఒక్క అంకె కదల్లేదు.

ధర్మాబాద్_మిర్చి:

అయితే 2026 పట్టిక అంటారు, నాకు తెలుసు.